డ్రయ్యర్ గుయ్యిమంటోంది గానీ తిరగట్లేదా? మోటారు మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసిన దాన్ని బట్టి మీది పదేళ్లు దాటిన సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్, ఉతికే వైపు బాగానే ఉంది, డ్రయ్యర్ వైపు టైమర్ తిప్పితే గుయ్యిమని శబ్దం తప్ప టబ్ కదలట్లేదు, వచ్చిన మెకానిక్ వెనక మూత కూడా విప్పకుండా మోటారు పోయిందనేశాడు. పాత సామాన్లకి వేసేయాలా, ఇంట్లోనే ఏమన్నా చేసుకోవచ్చా అని అడిగారు. వేసేయొద్దు. శబ్దం వస్తోందంటే మోటారు దాకా కరెంటు వెళ్తున్నట్టే, అంటే టైమరూ డ్రయ్యర్ మూత కింద ఉండే స్విచ్చీ పనిచేస్తున్నాయి, సగం అనుమానాలు అక్కడికే తీరిపోయాయి.

మాది నెల్లూరు జిల్లా కావలి. మా ఇంట్లో ఉన్నదీ మీలాంటిదే, దాని డ్రయ్యర్ నేనే బాగు చేసుకున్నాను, తర్వాత మా అత్త వాళ్ల మెషిన్‌కీ, ఎదురింటి వాళ్ల మెషిన్‌కీ చేశాను. మన వైపు ఈ మెషిన్లు సరిగ్గా అక్టోబరు, నవంబరుల్లోనే మొరాయిస్తాయి, మనకి గట్టి వానలు పడేది అప్పుడే, తుఫాను పట్టిందంటే దండెం మీద బట్టలు ఆరవు, ఇంట్లో అందరూ డ్రయ్యర్ మీదే పడతారు, తడిసిన దుప్పట్లు కూడా అందులోకే కుక్కుతారు.

ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. వెనక మూత నాలుగైదు స్క్రూలతో ఉంటుంది, తీస్తే కింద రెండు మోటార్లు కనిపిస్తాయి. బెల్టు ఉన్నది ఉతికే దానిది, టబ్ కింద నిలువుగా స్ప్రింగుల మీద కూర్చున్నది డ్రయ్యర్‌ది.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. డ్రయ్యర్ మూత తెరిచి టబ్‌ని చేత్తో తిప్పి చూస్తారు, గట్టిగా ఉంటుంది, అదిగో మోటారు పట్టేసింది అనేస్తారు. అది పట్టేయడం కాదు, బ్రేకు. మూత తెరవగానే దానికి కట్టి ఉన్న తీగ వదులై బ్రేకు షూ (పట్టి ఆపే బిళ్ల) కింద ఉన్న బ్రేకు డ్రమ్ముని పట్టుకోవాలి, దాని పనే అది. కాబట్టి మూత వేసి ఉంచి, వెనక నుంచి మోటారుకీ టబ్‌కీ మధ్య ఉన్న కప్లింగ్‌ని చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే మెకానికల్‌గా ఏ లోపం లేనట్టు. మూత వేసినా బ్రేకు షూ డ్రమ్ముని రాసుకుంటుంటే ఆ తీగ సాగి ఉంటుంది లేదా కొక్కెం ఊడి ఉంటుంది, తీగని కాస్త బిగిస్తే పోతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

చేత్తో సులువుగా తిరుగుతూ, కరెంటు ఇస్తే గుయ్యిమంటుంటే నూటికి తొంభై కెపాసిటర్. మన మెకానిక్కులు కండెన్సర్ అంటారు. డ్రయ్యర్ మోటారుకి తనంతట తాను మొదలయ్యే శక్తి ఉండదు, మోటారులోని రెండో తీగ చుట్టకి కరెంటుని కాస్త ముందు వెనకలు చేసి అందించేది ఈ కెపాసిటరే, అది నీరసించిపోతే మోటారు ఎటు తిరగాలో తెలియక నిలబడి మూలుగుతుంది. అలా మూలుగుతూ ఎక్కువసేపు వదిలేస్తే చుట్ట వేడెక్కి అప్పుడు నిజంగానే మోటారు పోతుంది, అందుకని సంగతి తేలేదాకా ఇంట్లో వాళ్లని డ్రయ్యర్ వేయొద్దని చెప్పండి.

చాలా మెషిన్లలో రెండు మోటార్లకీ కలిపి ఒకే డబ్బా ఉంటుంది, దాని మీద 10+4 అనో 10+5 అనో ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, అంటే కెపాసిటర్ సామర్థ్యం) అంకె రాసి ఉంటుంది. పెద్ద అంకె ఉతికే దానికి, చిన్నది డ్రయ్యర్‌కి. అందుకే ఉతికే వైపు బాగుండి ఇటు మాత్రమే ఆగిపోవడం జరుగుతుంది. పాతదాని మీద ఏ అంకె ఉందో అదే తేవాలి, వోల్టేజి 440 ఉండాలి, షాపు వాడు దగ్గర్లో ఉన్నది ఏదో ఒకటి ఇస్తానంటే వద్దనండి. నాకు ఇక్కడ రెండొందల లోపే దొరికింది. విప్పే ముందు వైర్లు ఏ రంగు దేనికి వెళ్లిందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు, తగిలితే చెయ్యి ఝల్లుమంటుంది. పాత ఫిలమెంటు బల్బు ఉన్న హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి కెపాసిటర్ కొసలకి తాకిస్తే ఛార్జ్ దిగిపోతుంది. కొందరు స్క్రూడ్రైవర్‌తో టప్పుమని షార్ట్ చేస్తారు, చూడ్డానికి హీరోయిజంలా ఉంటుంది గానీ అవసరం లేదు.

కెపాసిటర్ కొనడానికి వెళ్లే ముందు ఒకసారి ఇంట్లో వోల్టేజి కూడా చూడండి. వేసవి సాయంత్రాలు పల్లెల్లో 180 వోల్టులకి పడటం మామూలే, ఈ రకం మోటారు లాగే బలం వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి తగ్గుతుంది, అంటే 230కి బదులు 180 వస్తే మొదలయ్యేటప్పటి బలం 60 శాతం చిల్లరే. పొద్దున తిరిగి సాయంత్రం తిరగని డ్రయ్యర్లు ఇవే.

చేత్తో తిప్పితే నిజంగానే బిగుసుగా ఉందనుకోండి, అప్పుడు రెండు సంగతులు. ఒకటి, టబ్‌కీ బయటి తొట్టికీ మధ్య సందులో చేతిరుమాలో, పిల్లల సాక్సో దూరి కింద ఇరుసుకి చుట్టుకుని ఉంటుంది. బట్టల మీద నొక్కి పెట్టే ప్లాస్టిక్ బిళ్ల పారేసుకున్న ఇళ్లలో ఇది ఖాయం. కప్లింగ్ పై బోల్టు వదులు చేస్తే టబ్ పైకి వచ్చేస్తుంది, మా దానికి పది నంబరు పానా సరిపోయింది. రెండోది సీలు. టబ్ ఇరుసు కిందికి దిగే చోట నీళ్లు కారకుండా మడతలు మడతలుగా రబ్బరు సీలు ఉంటుంది, అది చిరిగితే నీళ్లు చుక్కచుక్కగా సరాసరి మోటారు నెత్తిన పడతాయి. మన బోరు నీళ్ల సంగతి మీకు తెలుసు, బకెట్లకే తెల్లగా పేరుకుపోతుంది. మోటారు మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే సీలు పోయిందని వేరే పరీక్ష అక్కర్లేదు. సీలు మార్చకుండా కొత్త మోటారు వేస్తే అదీ తుప్పు పట్టిపోతుంది, మెకానిక్కులు చాలామంది చేసే పని ఇదే. మోటారు మారుస్తారు, సీలు వదిలేస్తారు, మళ్లీ మనం పిలుస్తాం.

అసలు శబ్దమే రాకుండా చచ్చినట్టు పడి ఉండే కేసు మీది కాదు గానీ, ఇది చదివే వేరే వాళ్ల కోసం. ముందు ఎలకలు వైర్లు కొరికాయేమో చూడండి, ఈ మెషిన్ల అడుగు చాలావాటికి తెరిచే ఉంటుంది, జాలీ బిగించుకోవడం మంచిది. తర్వాత మూత కింద స్విచ్. సముద్రం గాలి తగిలే ఊళ్లలో దాని రేకులకి పచ్చ చిలుము పడుతుంది, సన్న గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. కొందరు ఆ స్విచ్ తీసేసి డైరెక్ట్ చేసి వెళ్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ టబ్ నిమిషానికి 1300 చుట్లు పైనే తిరుగుతుంది, మూత తెరిచినా కరెంటు ఆగకపోతే పిల్లలు చెయ్యి పెట్టారంటే ఇక చెప్పేదేముంది.

కెపాసిటర్ మార్చినా కదలకపోతే అప్పుడు మోటారుని అనుమానించండి, అదీ మల్టీమీటర్‌తో. కెపాసిటర్‌ని, మిగతా కనెక్షన్లని విడదీశాక మోటారు నుంచి వచ్చే మూడు వైర్లనీ రెండు రెండుగా పెట్టి ఓమ్స్ చూస్తే మూడు అంకెలు వస్తాయి, పెద్దది మిగతా రెండింటి మొత్తానికి దాదాపు సరిపోవాలి. ఎక్కడైనా ఓపెన్ (తీగ తెగినట్టు) చూపించినా, ఏ వైరుకైనా మోటారు ఇనుప బాడీకి కనెక్షన్ చూపించినా మోటారు పోయినట్టే. చుట్టించడం దండగ, చుట్టించే కూలి కొత్తదానికి దగ్గరగా వస్తుంది, పైగా కొన్నిట్లో చుట్ట అల్యూమినియం తీగ. కొత్తది తెచ్చి వేసుకోవడమే. మెషిన్ ముట్టుకుంటే చిమచిమలాడుతున్నా, కాలిన వాసన వచ్చినా మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, ముందు ఎర్తింగ్ చూపించండి.

వెనక మూత విప్పాక కెపాసిటర్ మీద అంకెలు, మోటారు మీద ఉప్పు చారలు ఉన్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి, డ్రయ్యర్ మూత వేసి కప్లింగ్ తిప్పితే ఎలా ఉందో కూడా. అది తెలిస్తే ఏ పార్టు తెచ్చుకోవాలో చెప్తాను.