బ్రిస్బేన్‌లో అమ్మానాన్నలతో ఒక రాత్రి భోజనం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబరులో వచ్చే మీ అమ్మానాన్నలను నది ఒడ్డునున్న మోడరన్ ఆస్ట్రేలియన్ రెస్టారెంటుకు తీసుకువెళ్తానని రాశావు. ఇరవై ఏళ్లు ఆ ఊళ్లో ఉన్నవాణ్ణి కనుక నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా మీ నాన్న సంగతి. మెనూలో బారమండి కనబడితే మరో ఆలోచన లేకుండా తెప్పించు. అది మన పండుగప్పే. గోదావరి జిల్లాలో పులుసు పెట్టుకుని తిన్న చేపను అక్కడ తోలు కరకరలాడేలా పెనం మీద కాల్చి, ముల్లు తీసిన ముక్కగా వడ్డిస్తారు. మసాలా తక్కువ కాబట్టి చేప రుచి నేరుగా తెలుస్తుంది. మొదటి ముద్ద చప్పగా అనిపించినా కారం అడగవద్దని ఆయనకు ముందే చెప్పు. మోర్టన్ బే బగ్ అనే పేరు విని కంగారుపడనివ్వకు. అది పురుగు కాదు, పక్కనున్న అఖాతం పేరు పెట్టుకున్న, రొయ్యకు చుట్టమైన జీవి. తోకలోని తెల్లని కండ తియ్యగా ఉంటుంది. దాని మీద ఫింగర్ లైమ్ వేస్తే ఇంకా మేలు. ఆ ప్రాంతపు అడవుల్లోనే పుట్టిన ఈ వేలెడంత నిమ్మలోని ముత్యాలు నోట్లో చిట్లి పులుపు చిమ్ముతాయి.

మీ అమ్మ విషయంలో మాత్రం జాగ్రత్త. శాకాహారమని ఒక్క మాట చెబితే సరిపోదు. మోడరన్ ఆస్ట్రేలియన్ వంట అంటే ఇటలీ, వియత్నాం, థాయ్‌లాండ్ వంటి దేశాల నుంచి వలస వచ్చినవారి వంటలన్నీ కలిసి ఎదిగిన పద్ధతి కావడంతో, కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ గాని ఎముకలు మరిగించిన రసం గాని ఉండవచ్చు. బుక్ చేసేటప్పుడే గుడ్డుతో సహా ఆమె తిననివన్నీ చెప్పు. ముందుగా తెలిస్తే వంటవాళ్లు శ్రద్ధగా వేరే చేసి పెడతారు.

అక్కడ ఆంత్రే అంటే మొదట వచ్చే చిన్న వంటకం, ప్రధాన వంటకం కాదు. పంచుకునే పళ్లాలైతే ముగ్గురికి ఎన్ని చాలునో వడ్డించేవారినే అడుగు. ధరలోనే 10 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, టిప్పు తప్పనిసరి కాదు. అయితే ఆదివారాలు, సెలవు రోజుల్లో చాలాచోట్ల అదనపు రుసుము వేస్తారు.

బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో వేసవికని గడియారాలు గంట ముందుకు జరపరు కనుక, అక్కడ వేసవైన డిసెంబరులోనూ ఏడు లోపే పొద్దుగూకుతుంది. ఆరింటికి, వాన పడినా తడవని చోట, నది కనబడే బల్ల అడుగు. ఆ నెలలో సాయంత్రపు ఉరుముల వాన చెప్పకుండా వస్తుంది.

మీ పెదనాన్న