కృత్రిమ ఎనామిల్‌పై పరీక్ష పంటికి వర్తిస్తుందా?

ప్రశ్న: వేపపుల్ల కషాయం పళ్లకు పాచి పట్టకుండా ఆపుతుందో లేదో చూడాలని మేము కొందరు విద్యార్థులం చిన్న పరిశోధన తలపెట్టాము. పీకిన పళ్లు కావలసినన్ని దొరకడం లేదు. హైడ్రాక్సీఅపటైట్ (పంటిలోని ఖనిజం) బిళ్లలు వాడమని ఒకరు, ప్లాస్టిక్ ప్లేట్లు చాలునని మరొకరు అంటున్నారు. వాటిపై వచ్చిన ఫలితాన్ని పంటికి వర్తింపజేయవచ్చా?
— ఒక బి.డి.ఎస్. విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే, అదీ హైడ్రాక్సీఅపటైట్ జాతి కాల్షియం ఫాస్ఫేటే కనుక, ఆ పొడిని అచ్చులో నొక్కి అధిక ఉష్ణోగ్రతలో కాల్చిన బిళ్ల పంటికి బదులుగా పనికొస్తుందని అనుకోవడం సహజం. అయితే నోటిలో బ్యాక్టీరియాకు వట్టి ఎనామిల్ తగలడం అరుదు. పంటిని పూర్తిగా శుభ్రం చేసిన కొద్ది నిమిషాలలోనే లాలాజలంలోని స్టాథరిన్, మ్యూసిన్ల వంటి ప్రోటీన్లు దానిపై పలుచని పొర కడతాయి. స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ వంటి తొలి బ్యాక్టీరియా పట్టుకునేది పెల్లికిల్ అనే ఆ పొరనే. అందుచేత బిళ్ల పంటిని ఎంతగా పోలి ఉందన్న దానికన్నా, దానిపై లాలాజలపు పొర ఉందా లేదా అన్నదే ముందుగా చూడవలసిన విషయమని నా దృఢమైన అభిప్రాయం. లాలాజలం పట్టించిన హైడ్రాక్సీఅపటైట్ పూసలను 1970ల నుంచీ పరిశోధకులు వాడుతున్నది ఇందుకే.

ప్లాస్టిక్ ప్లేట్లు చవక. చక్కెర ఇచ్చినప్పుడు, పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ ఎంత జిగురు పొర కడుతుందో అవి చెప్పగలవు గాని, పంటికి అతుక్కోవడం గురించి వాటి సాక్ష్యం చాలదు.

మీ కషాయం విషయంలో మరో జాగ్రత్త అవసరం. ముందుగా వేపపుల్ల సారంలో ఉంచిన సాంగ్వినిస్, లాలాజలం పట్టించిన హైడ్రాక్సీఅపటైట్‌కు తక్కువగా అతుక్కున్నట్లు 1996లోనే ఒక అధ్యయనం చూపింది. ఆ ప్రయోగంలో సారం తగిలింది బ్యాక్టీరియాకు; లాలాజలం పట్టించిన హైడ్రాక్సీఅపటైట్‌కే సారాన్ని ముందుగా పట్టించినప్పుడూ అతుక్కోవడం తగ్గిందని అదే అధ్యయనం చూపింది. మీరు దానిని బిళ్లకు పట్టిస్తే, అందులోని టానిన్లు (వగరు పదార్థాలు) లాలాజల ప్రోటీన్లను పట్టుకుని పొరనే మార్చవచ్చు. రెండు విధాలుగానూ విడివిడిగా చేసి చూడండి. బ్యాక్టీరియా చనిపోయిందా, అతుక్కోలేదా అన్నది వేరుగా తేల్చకపోతే ఫలితానికి అర్థం ఉండదు.

అతుక్కోని బ్యాక్టీరియాను కడిగే పద్ధతి చాలామంది పట్టించుకోని చోటు. బిళ్లను ద్రవంలోంచి పైకి తీసే క్షణంలో, దాని మీదుగా జారే నీటి అంచు తన తలతన్యతతోనే అతుక్కున్న బ్యాక్టీరియాను ఊడబెరుకుతుంది. కాబట్టి బిళ్లను బయటకు తీయకుండా, పాత్రలోని ద్రవాన్నే నెమ్మదిగా మారుస్తూ, ఉపరితలం ఎప్పుడూ మునిగి ఉండేటట్లు కడగాలి. బిళ్లలన్నింటినీ ఒకే రకం గరుకు కాగితంతో సానపెట్టండి. సన్నని రంధ్రాలున్న బిళ్లలో బ్యాక్టీరియా అతుక్కోకుండానే చిక్కుకుని లెక్కను పెంచుతుంది.

చివరగా, బిళ్లలపై నిలిచిన ఫలితాన్ని కొద్దిపాటి అసలు పళ్లపై సరిచూడండి. పళ్లవరుస సరిచేసే చికిత్సలో తీసే ప్రీమోలార్లు (కోరపళ్ల వెనుకనుండే చిన్న దవడపళ్లు) రోగుల సమ్మతితో, నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతితో మీ కళాశాలలోనే దొరకవచ్చు. వాటిని ఫార్మాలిన్‌లో కాక థైమాల్ అనే క్రిమినాశకం కలిపిన నీటిలో భద్రపరచి, పరీక్షకు ముందు బాగా కడగండి. థైమాల్ సైతం బ్యాక్టీరియాను చంపుతుంది.