కళ్ళజోడుకి నాలుగు వందల డాలర్లా?

పాలకొల్లు నుంచి డల్లాస్ వచ్చి రెండు నెలలైందని రాసిన తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే నాకు 2005 జనవరి గుర్తొచ్చింది. కళ్ళజోడు విరిగిందనీ, షాపులో 390 డాలర్లు అన్నారనీ, వాళ్ళు చెప్పిన వాటిలో ఏది అవసరమో తెలియడం లేదనీ రాశావు. డబ్బు కట్టక ముందే అడిగావు, మంచి పని చేశావు. నేను అడక్కుండా కట్టేశాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆరో తరగతిలో బోర్డు కనపడక నా సైటు బయటపడింది. పెళ్ళై ఒహాయో వచ్చేనాటికి రెండు కళ్ళకీ మైనస్ ఐదున్నర. అమలాపురంలో తొమ్మిది వందలు పెట్టి చేయించిన కళ్ళజోడు ఒక్కటే పెట్టుకుని విమానం ఎక్కాను. మూడో వారం మంచు మీద జారి పడ్డాను. కుడి అద్దం పగిలింది, కాడ విరిగింది.

మైనస్ ఐదున్నర అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వందని నీ పవర్‌తో భాగించు. అద్దాలు లేకుండా ఎన్ని సెంటీమీటర్ల దాకా స్పష్టంగా కనపడుతుందో వస్తుంది. నాకు 18. పొయ్యి మీద ఉన్న గిన్నె కూడా మసకే. నీది మైనస్ రెండుంపావు కాబట్టి నీకు 44. ల్యాప్‌టాప్ దగ్గరగా జరుపుకుని చదువుకోవచ్చు, కంగారుపడి ఇవాళే కొనక్కర్లేదు. కారు మాత్రం నడపకు.

నేను కంగారుపడ్డాను. దగ్గర్లో కనపడ్డ షాపుకి వెళ్తే అమలాపురం డాక్టరు రాసిన పవర్ చీటీ చెల్లదన్నారు. మళ్ళీ కళ్ళు పరీక్ష చేశారు. తర్వాత కౌంటర్‌లో అమ్మాయి ఒక్కొక్కటీ చెప్తుంటే అన్నిటికీ తలూపాను. సగం అర్థం కాలేదు, అడిగితే ఏమనుకుంటారో అని భయం. అన్నిటికంటే పల్చటి అద్దాలు, కాంతి తిరిగి కొట్టకుండా పూత, గీతలు పడకుండా ఇంకో పూత, ఎండకి నల్లబడే రంగు. అంతా కలిపి 430 డాలర్లు. అప్పుడు డాలరు 44 రూపాయల దగ్గరుంది. కార్లో కూర్చుని లెక్కేస్తే దాదాపు పంతొమ్మిది వేలు. మా నాన్నకి కొబ్బరి తోట మీద ఒక దింపుకి అంత వచ్చేది కాదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఎండకి నల్లబడతాయన్న అద్దాలు కార్లో నల్లబడనే లేదు. అవి అతినీలలోహిత కిరణాలు తగిలితేనే రంగు మారతాయి, కారు ముందద్దం వాటిని చాలావరకు ఆపేస్తుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక నీ చీటీ సంగతి. మైనస్ అద్దం మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. పవర్ పెరిగేకొద్దీ అంచు లావవుతుంది, అందుకే 1.67, 1.74 అనే ఎక్కువ ఇండెక్స్ అద్దాలు వచ్చాయి. అవి కాంతిని ఎక్కువ వంచుతాయి కాబట్టి పల్చగా చేయొచ్చు, అంతే, వాటితో చూపేమీ మెరుగవదు. రెండుంపావుకి 1.74 దండగ. 1.5 మామూలు ప్లాస్టిక్ చాలు. ఆటలాడే అలవాటుంటే పాలీకార్బొనేట్ తీసుకో, దెబ్బ తగిలినా త్వరగా పగలదు. ఫ్రేము చిన్నది ఎంచుకుంటే అంచు మందం దానంతటదే తగ్గుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. కాంతి తిరిగి కొట్టని పూతకి మాత్రం డబ్బు పెట్టు, రాత్రి ఎదురు లైట్లలో హాయిగా ఉంటుంది. నీలికాంతి ఫిల్టర్ వద్దు. 2023లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 17 ప్రయోగాల ఫలితాలు కలిపి చూశారు. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంప్యూటర్ ముందు కళ్ళ శ్రమ తగ్గకపోవచ్చని తేల్చారు.

చీటీ చదవడం రాకపోతే డబ్బెలా పోతుందో చెప్తాను. రెండో ఏడు వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పాత చీటీలో మైనస్ 5.50, సిలిండరు మైనస్ 1.00, యాక్సిస్ 180. కొత్త దాంట్లో మైనస్ 6.50, సిలిండరు ప్లస్ 1.00, యాక్సిస్ 90. ఏడాదిలో ఒక పాయింటు పెరిగిందని ఏడ్చాను. నమ్మలేక ఇంకో చోట మళ్ళీ ఫీజు కట్టి పరీక్ష చేయించుకున్నాను. రెండూ ఒకటే పవర్! కార్నియా బంతిలా సమంగా లేకపోతే ఒక దిక్కున అదనంగా సరిచేసేదే సిలిండరు. ఆ దిక్కు ఏ కోణంలో ఉందో చెప్పేది యాక్సిస్. సిలిండరుని కొందరు మైనస్‌లో, కొందరు ప్లస్‌లో రాస్తారు. పవర్‌కి సిలిండరు కలుపు, సిలిండరు గుర్తు మార్చు, యాక్సిస్ 90 డిగ్రీలు తిప్పు. రెండో చీటీ వచ్చేస్తుంది. ఈ చిన్న కూడిక రాక డబ్బు పోగొట్టుకున్నాను. ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ. ఇప్పటి పిల్లలు ఇవేవీ చూడకుండా కార్డు గీకేసి తర్వాత బాధపడతారు.

కాంటాక్ట్ లెన్సులు అడిగావు. కళ్ళజోడు చీటీతో అవి కొనకూడదు. లెన్సు కంటి మీదే కూర్చుంటుంది కాబట్టి ఎక్కువ పవర్లలో అంకె మారుతుంది, వంపు, వెడల్పు కూడా చూడాలి. నెల లెన్సుల్ని డబ్బు మిగులుతుందని మూడు నెలలు పెట్టుకున్నాను. కన్ను ఎర్రబడి, ఇన్ఫెక్షన్ వచ్చి, మందులకీ డాక్టరుకీ అయిన ఖర్చుతో ఏడాది లెన్సులు వచ్చేవి. కుళాయి నీళ్ళతో కడగొద్దు, పెట్టుకుని పడుకోవద్దు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు తొందరపడి ప్రోగ్రెసివ్ చేయించకు, అంటే దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో గీత లేకుండా పవర్ మారేవి. మా అమ్మకి చత్వారానికి అవి చేయించాను. పక్కలకి మసకగా ఉండడంతో మెట్లు దిగడానికే భయపడింది. రాజోలు తిరిగెళ్ళాక గీత కనపడే బైఫోకలే పెట్టుకుంది. కొందరికి వారం రెండు వారాల్లో అలవాటవుతుంది, అమ్మకి అవలేదు. ఆ డబ్బు దండగే.

మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో కళ్ళద్దాలు చాలాసార్లు ఉండవు, విజన్ ప్లాన్ వేరు. నీ యూనివర్సిటీ కాగితాల్లో చూసుకో. పరీక్ష కాగానే చీటీ ఉచితంగా, అడక్కుండానే చేతికివ్వాలని ఇక్కడ ఫెడరల్ రూల్ ఉంది. అక్కడే కొనాలని లేదు, చీటీ తీసుకుని బయటికి వచ్చెయ్. ఆన్‌లైన్‌లో చాలా తక్కువకి దొరుకుతాయి. కాకపోతే పీడీ కావాలి, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. అద్దం నడిమధ్య సరిగ్గా కంటిపాపకి ఎదురు రాకపోతే తలనొప్పి. చాలా చీటీల మీద అది రాయరు, కుర్చీలోంచి లేవక ముందే అడిగి రాయించుకో.

ఇప్పటికి ఆన్‌లైన్‌లో ఒక జత తెప్పించుకో. చీటీ ఫొటో, పీడీతో సహా, ఇవాళే మీ అమ్మకి పంపు. పాలకొల్లులో రెండో జత చేయించి ఉంచితే, మీ వైపు నుంచి డల్లాస్ వచ్చేవాళ్ళు ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. గట్టి డబ్బాలో పెట్టి ఇమ్మని చెప్పు.