తడోబా చూసిన కళ్ళతో వర్షారణ్యానికి వెళ్తే పులి కనిపిస్తుందా?

మీరు అడిగింది: చంద్రాపూర్‌లో ఉంటాం, తడోబా పులుల అడవి చాలాసార్లు చూసేశాం, ఈసారి పిల్లల్ని, అమ్మని తీసుకుని అసలైన వర్షారణ్యానికి వెళ్ళాలి, ఎక్కడైతే బాగుంటుంది, జంతువులు కనిపిస్తాయా అని.

మాది మీ పక్కనే ఉన్న బల్లార్షా. నన్నడిగితే వాల్పారై వెళ్ళండి. తమిళనాడులో ఆనైమలై కొండల మీద, సుమారు 3,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. పులి కోసమే అయితే మాత్రం డబ్బులు దండగ, మళ్ళీ తడోబా మొహర్లీ గేటుకే పోండి.

ఎందుకంటే మన దగ్గరిది టేకు, వెదురు అడవి. ఎండాకాలం ఆకు రాలిపోతుంది, నీళ్ళు ఏ నాలుగు గుంటల్లోనో మిగులుతాయి, దాహమేస్తే జంతువు అక్కడికి రాక తప్పదు, మనం జిప్సీలో కూర్చుని కాపు కాస్తే చాలు. వాల్పారైలో ఏడాదంతా ఆకు పచ్చగానే ఉంటుంది, ఎటు చూసినా వాగులే, ఏనుగు రోడ్డు పక్కనే నిలబడినా చెట్ల వెనక తెలియదు. మా బావమరిది వెళ్ళిన రోజంతా డ్రైవర్‌ని టైగర్ ఎక్కడ, టైగర్ ఎక్కడ అని చంపుకు తిన్నాడు, పైన కొమ్మ మీద కూర్చున్న సింహపు తోక కోతుల గుంపుని చూడనే లేదు. పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని కోతులవి, నల్లటి ఒళ్ళు, మొహం చుట్టూ తెల్లటి జూలు. పుదుతోట్టం ఎస్టేట్ దగ్గర రోడ్డు దాటుతూ బండ్ల కింద పడకుండా వాటికోసం చెట్టుకీ చెట్టుకీ మధ్య వంతెనలు కూడా కట్టారు. చిప్స్ మాత్రం పెట్టకండి, వాటిని రోడ్డు మీదకి రప్పించేది ఆ అలవాటే.

పెద్ద హార్న్‌బిల్ పక్షిని అయితే చూడకముందే వింటారు, రెక్కల చప్పుడు పాత బొగ్గు ఇంజను ఆవిరి వదిలినట్టు వస్తుంది. గుడ్లు పెట్టేటప్పుడు ఆడది చెట్టు తొర్రలో చేరి సన్నటి సందు మాత్రం వదిలి ద్వారం మూసేసుకుంటుంది, మగపక్షి పళ్ళు తెచ్చి ఆ సందులోంచే అందిస్తుంది. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి, వాళ్ళే తలెత్తి వెతుకుతారు.

దారి సంగతి. కేరళ ఎక్స్‌ప్రెస్ మన బల్లార్షాలో ఆగుతుంది, కోయంబత్తూరులో దిగి పొల్లాచ్చి మీదుగా వెళ్ళాలి. కొండ కింద ఆళియార్ నుంచి 40 హెయిర్‌పిన్ మలుపులు, అమ్మకి వాంతులయ్యే అలవాటుంటే మాత్ర ముందే వేయించండి. తొమ్మిదో మలుపు దగ్గర ఆగితే రాళ్ళ మీద నీలగిరి తార్‌లు కనిపించే అవకాశం ఎక్కువ, అడవి మేకలాంటి జంతువు, తమిళనాడు రాష్ట్ర జంతువు అదే. తిరుగు ప్రయాణం మళ్ళీ అటే వద్దు, కేరళ వైపు మలక్కప్పార మీదుగా అదిరప్పిళ్ళి జలపాతం చూసుకుని త్రిస్సూర్‌లో రైలెక్కండి. నిజమైన దట్టమైన అడవి ఆ రోడ్డే. చెక్‌పోస్టుల్లో బండి వివరాలు రాసుకుంటారు, సాయంత్రమైతే వదలరు, అందుకని పొద్దున్నే బయల్దేరండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వద్దు. వాన చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ జలగలు మామూలుగా ఉండవు, షూ లోపలికీ దూరతాయి. పట్టుకుంటే టెన్షన్ పడి లాగకండి, గోరుతో పక్కకి తోస్తే ఊడుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి కాసేపు కారుతుంది, భయపడక్కర్లేదు. డిసెంబర్, జనవరి మంచివి, అప్పుడు జలగలూ తక్కువే, స్వెటర్లు మాత్రం తప్పనిసరి.

ఇంకో ముఖ్యమైన మాట, చీకటి పడ్డాక పిల్లల్ని బయటికి వదలకండి. టీ తోటల మధ్యే ఏనుగులు, చిరుతలు తిరుగుతాయి, అక్కడ చిరుతలు పిల్లల మీద పడ్డ ఘటనలున్నాయి. ఏనుగులు దగ్గర్లో ఉంటే జనానికి ఫోన్‌లో మెసేజ్ పంపి, దారిలో ఎర్ర లైట్లు వెలిగించే ఏర్పాటు ఒకటుంది. దాని వెనకున్న ఆనంద కుమార్ అనే పరిశోధకుడికి 2015లో వన్యప్రాణి సంరక్షణకిచ్చే విట్లీ అవార్డు వచ్చింది. ఎర్ర లైటు వెలుగుతుంటే ఆ దారిన పోవద్దు, అంతే. ఒక హోంస్టే వాళ్ళు మాకు రాత్రి సఫారీ ఆశ చూపించారు, పేరెందుకులెండి, ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి, రాత్రిపూట బండి లైట్లేసుకుని జంతువుల వెంట పడడం చట్టవిరుద్ధం కూడా.

ట్రెక్కింగ్ కావాలంటే అటవీ శాఖ అనుమతి, వాళ్ళ గైడ్ ఉంటేనే వెళ్ళండి. అమ్మకి నడక కష్టమైతే ఒక పూట ఆమెని షోలయార్ డ్యామ్ వైపు కారులో తిప్పండి. రైలు టికెట్లు మాత్రం తేదీలు అనుకున్న వెంటనే చేసుకోండి, శబరిమల సీజన్‌లో ఆ రైలులో బెర్త్ దొరకడం కష్టం.