మూడు నోడ్లు పెడితే మూడింతల వేగం రాదు

చి. శ్రావణికి ఆశీస్సులు.

మీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్ లోడు మోయలేకపోతోందనీ, మూడు నోడ్ల (అంటే మూడు సర్వర్ల) గలేరా క్లస్టర్‌కి మారదామనుకుంటున్నారనీ రాశావు. ఆ లోడు రీడ్స్‌ది (డేటా చదవడం) అయితే మారండి. రైట్స్‌ది (డేటా రాయడం, మార్చడం) అయితే ముందు ఇది చదువు.

గలేరాలో ప్రతి నోడ్‌లోనూ డేటా మొత్తం ఉంటుంది. ఎక్కడ ఇన్సర్ట్ చేసినా మూడు చోట్లా పడాల్సిందే. అయిదు నోడ్లయితే అయిదు చోట్లా. రైట్స్‌లో పని పంచుకోవడం ఉండదు, అందరూ మొత్తం పనీ చేస్తారు. నోడ్ పోయినా సైటు నిలబడుతుందన్నదే ఇందులో అసలు లాభం.

పైగా ప్రతి కమిట్‌కీ (మార్పును ఖాయం చేయడానికి) ఒక రౌండ్‌ట్రిప్ (నెట్‌వర్క్‌లో వెళ్లి వచ్చే సమయం) ఖర్చు, అదీ అన్నిటికన్నా దూరపు నోడ్ లెక్కన. అన్నీ ఒకే డేటా సెంటర్‌లో ఉండి పింగ్ (ఆ వెళ్లి వచ్చే సమయం) 1 మిల్లీసెకను లోపుంటే పెద్దగా తెలియదు. 20 మిల్లీసెకన్లుంటే ఒక కనెక్షన్ నుంచి సెకనుకు 50 కమిట్లు దాటవు. కనెక్షన్లు పెంచితే మొత్తం పెరుగుతుంది గానీ, అందరూ ఒకే స్టాక్ కౌంటర్‌నో వాలెట్ బ్యాలెన్స్‌నో మార్చేవాళ్లయితే ఆ రికార్డు లాక్ రౌండ్‌ట్రిప్ అయ్యేదాకా వదలదు, మళ్లీ 50 దగ్గరే ఆగుతారు. వేరే ఊళ్లో కాపీ కావాలంటే అసింక్ రెప్లికా (కమిట్‌ని ఆపకుండా, మార్పుల్ని కాస్త వెనకగా అందుకునే కాపీ) పెట్టుకోండి, అక్కడ గలేరా నోడ్ వద్దు.

ఎక్కువమందిని తికమక పెట్టేది ఫ్లో కంట్రోల్. మూడో నోడ్‌లో ఎవరో మైఎస్‌క్యూఎల్‌డంప్ (బ్యాకప్ తీసే ప్రోగ్రాం) మొదలెడతారు. డిస్క్ బిజీ అయి, రావలసిన మార్పులు దాని క్యూలో పేరుకుంటాయి. హద్దు దాటగానే అది 'ఆగండి' అంటుంది, క్లస్టర్ మొత్తంలో రైట్స్ ఆగిపోతాయి. మీరేమో మొదటి నోడ్ చూస్తుంటారు, సీపీయూ ఖాళీగా ఉంటుంది! స్టేటస్‌లో డబ్ల్యూఎస్‌రెప్ ఫ్లో కంట్రోల్ పాజ్డ్ విలువ చూడు. 0.25 ఉంటే పావు వంతు సమయం ఆగే ఉన్నారన్నమాట. ఏ నోడ్‌లో 'ఫ్లో కంట్రోల్ సెంట్' (ఆగమని పంపిన సందేశాల లెక్క) పెరుగుతోందో అదే దోషి. బ్యాకప్‌కి ముందు ఆ నోడ్‌కి డీసింక్ (తను వెనకబడినా మిగతావాటిని ఆపకుండా చేసే సెట్టింగ్) ఆన్ చెయ్యి, అయ్యాక ఆఫ్ చెయ్యడం మరిచిపోకు. మూడింటికీ ఒకే రకం డిస్కులుండాలి, అవసరాన్ని బట్టి అప్లయర్ థ్రెడ్లు (వచ్చిన మార్పుల్ని అమలుచేసేవి) పెంచాలి. ఊరికే క్యూ హద్దు పెంచేస్తే ఆ నోడ్‌లో పాత డేటా కనిపిస్తుంది, అంతే.

రైట్స్ అన్నీ ప్రాక్సీఎస్‌క్యూఎల్ (ఏ క్వెరీని ఏ నోడ్‌కి పంపాలో చూసే మధ్యవర్తి ప్రోగ్రాం) ద్వారా ఒకే నోడ్‌కి పంపండి. రెండు నోడ్ల నుంచి ఒకే రికార్డు మారిస్తే ముందు వచ్చినది నిలుస్తుంది, రెండోదానికి 1213 డెడ్‌లాక్ ఎర్రర్. అది కమిట్ దగ్గర కూడా రావచ్చు కాబట్టి అక్కడా రీట్రై (మళ్లీ ప్రయత్నించే కోడ్) రాయాలి. పెద్ద డిలీట్లను వెయ్యి, రెండు వేల రికార్డుల చొప్పున కమిట్ చెయ్యి. ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ వేరుగా గుర్తించేది) లేని టేబుల్ ఒక్కటి కూడా ఉండకూడదు. రాసిన వెంటనే వేరే నోడ్ నుంచి చదివే చోట మాత్రమే సింక్ వెయిట్ (ఆ నోడ్ అప్పటిదాకా వచ్చిన మార్పుల్ని అందుకునేదాకా రీడ్‌ని ఆపే సెట్టింగ్) 1 పెట్టు, అన్నిచోట్లా పెడితే రీడ్స్ కూడా నెమ్మదిస్తాయి.

కమిట్ ఖర్చు తగ్గించుకోవడానికి ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ సెట్టింగ్ 2 (ప్రతి కమిట్‌కీ కాకుండా సుమారు సెకనుకోసారి డిస్క్‌కి ఖాయం చేయడం) పెట్టేవాళ్లున్నారు. మూడు నోడ్లూ ఒకే ర్యాక్‌లో ఉంటే వద్దు. కరెంటు ఒకేసారి పోతే చివరి సెకను కమిట్లు మూడు చోట్లా పోతాయి.

మారేముందు సిస్‌బెంచ్ (డేటాబేస్ వేగం కొలిచే ప్రోగ్రాం) రైట్ ఓన్లీ టెస్టు, మీ అసలు థ్రెడ్ల సంఖ్యతో మూడుసార్లు నడుపు: మామూలు సర్వర్ మీద, ఒక్క నోడ్ గలేరా మీద, మూడు నోడ్ల మీద. మూడింటి 95వ పర్సెంటైల్ లేటెన్సీ (నూటికి 95 పనులు ఎంత సమయంలోపు అయ్యాయో) పంపు. దాంతోపాటు అనవసరపు ఇండెక్స్‌లు (వెతుకులాటకి పనికొచ్చినా రైట్స్‌కి పని పెంచేవి) ఎన్నున్నాయో కూడా చూసి రాయి. రైట్స్ భారం అక్కడే తీరిపోవచ్చు.

నీ బాబాయ్