పెద్ద కుక్కతో క్యాంపింగ్: జాతి జాబితా, ఆరడుగుల తాడు

అమెరికాలో ఉంటున్న పాఠకులు పెద్ద కుక్కలతో క్యాంపింగ్ గురించి పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది మూడేళ్ల రాట్‌వైలర్. పసిపిల్లలు చెవులు పట్టి లాగినా ఊరుకుంటుంది. ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో డబ్బు కట్టి బుక్ చేసుకున్నాక, టీకా కాగితంలో జాతి పేరు చూసి కుదరదన్నారు. కుక్కను చూడను కూడా లేదు. ఇదేం న్యాయమండీ? (షార్లెట్)

జవాబు: మీ బాధ సబబే. కానీ వాళ్లు ఆ మాట బీమా పత్రాన్ని చూసి అన్నారు, మీ కుక్కను చూసి కాదు. క్యాంప్‌గ్రౌండ్ యజమాని తన స్థలంలో ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కట్టడానికి లయబిలిటీ బీమా తీసుకుంటాడు. చాలా బీమా కంపెనీలు ఫలానా జాతి కుక్క కరిస్తే మాకు సంబంధం లేదని అందులోనే రాసిపెడతాయి. అప్పుడు ఒక్క కాటుకు కూడా యజమాని సొంత జేబులోంచి కట్టాలి. కౌంటర్లో కూర్చున్న మనిషి మీ కుక్కను ఎంత ముద్దు చేసినా ఆ షరతును సడలించలేడు.

జాబితాల్లో ముందుండేవి పిట్‌బుల్ రకాలు, రాట్‌వైలర్, డాబర్‌మన్. కొన్నిచోట్ల చౌచౌ, అకీటా, కేన్ కోర్సో, జర్మన్ షెపర్డ్, హస్కీ, తోడేలు సంకరాలు కూడా చేరతాయి. ఒకే కంపెనీ పేరుతో బోర్డు పెట్టుకున్న రెండు క్యాంప్‌గ్రౌండ్‌లకు ఇద్దరు వేర్వేరు యజమానులు, రెండు వేర్వేరు బీమాలు ఉండొచ్చు. కాబట్టి ఒకచోట రానిచ్చారని ఇంకోచోట రానిస్తారనుకోవద్దు.

ఈసారి డబ్బు కట్టకముందే ఫోన్ చేయండి. 'కుక్కల్ని రానిస్తారా' అని అడిగితే ఎవరైనా రానిస్తామనే అంటారు. జాతి పేరు చెప్పి అడగండి. మిశ్రమ జాతికీ అదే నిబంధనా, గుడారం స్థలానికీ క్యాబిన్‌కీ వేరువేరు నియమాలున్నాయా, బరువు పరిమితి ఉందా, ఎన్ని కుక్కల్ని రానిస్తారు, ఇవన్నీ అదే ఫోన్‌లో తేల్చుకోండి. ఒప్పుకుంటే ఆ మాటను ఈమెయిల్‌లో పంపమనండి. మీరు చేరే రోజున కౌంటర్లో ఇంకెవరో ఉంటారు.

ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: 'ఇది బీమా వాళ్ల షరతా, మీరు పెట్టుకున్న నియమమా?' బీమాదైతే వాదించి లాభం లేదు, వేరే చోటు చూసుకోండి. యజమాని నియమమే అయితే మాట్లాడుకునే వీలుంటుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989 నుంచి 'కెనైన్ గుడ్ సిటిజన్' అనే పరీక్ష పెడుతోంది. కొత్తవాళ్లు దగ్గరికొస్తే నిలకడగా ఉండడం, గుంపులో తాడు లాగకుండా నడవడం, ఎదురుపడ్డ కుక్కను పట్టించుకోకపోవడం వంటి పది అంశాలుంటాయి. ఏ జాతికైనా, మిశ్రమ జాతికైనా పెడతారు. ఆ సర్టిఫికెట్, టీకా కాగితం, ఒక ఫోటో కలిపి పంపితే మనసు మార్చుకునే యజమానులున్నారు.

ప్రశ్న: అయితే జాతి అడగని చోట్లు ఎక్కడున్నాయి? (డల్లాస్)

జవాబు: ప్రభుత్వ భూముల్లో. నేషనల్ పార్కులు, నేషనల్ ఫారెస్టులు, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (అమెరికా సైన్యంలోని ఇంజినీరింగ్ విభాగం) జలాశయాల పక్కనున్న క్యాంప్‌గ్రౌండ్‌లు, ఈ మూడింటి సాధారణ నిబంధనల్లో జాతుల జాబితా లేదు. అన్నిచోట్లా ఉన్న షరతు తాడు గురించి: ఆరడుగులకు మించకూడదు. బారుగా సాగే రీల్ తాడు అక్కడ పనికిరాదు. స్టేట్ పార్కులకు రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో రాత్రిపూట కుక్క గుడారంలో గానీ మూసిన వాహనంలో గానీ ఉండాల్సిందే, బయట కట్టేసి పడుకోవడం కుదరదు. పార్కు ఒప్పుకున్నా, దారిలో రాత్రి ఆగే ఊళ్లో విడిగా జాతి నిషేధం ఉందేమో కూడా చూసుకోండి.

నేషనల్ పార్కులతో చిక్కు మరోచోట వస్తుంది. క్యాంప్‌గ్రౌండ్‌లోకి కుక్కను రానిస్తారు గానీ కాలిబాటల మీదికి చాలాచోట్ల రానివ్వరు. ఎల్లోస్టోన్‌లో రోడ్డు, పార్కింగ్, క్యాంప్‌గ్రౌండ్‌ల నుంచి 100 అడుగులు దాటి కుక్క వెళ్లకూడదు. చెక్క నడవల మీద, కాలిబాటల మీద పూర్తిగా నిషేధం. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో కుక్కను రానిచ్చే బాటలు రెండే: గాట్లిన్‌బర్గ్ ట్రెయిల్, ఓకొనలఫ్టీ రివర్ ట్రెయిల్. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో అంచు వెంబడి నడవొచ్చు, లోయలోకి దిగకూడదు. పైగా నేషనల్ పార్కుల్లో ప్రత్యేకించి కేటాయించిన చోట తప్ప కుక్కను కట్టేసి వదిలి వెళ్లడం నేరం. అంటే రోజంతా నడవాలని వచ్చిన కుటుంబంలో ఒకరు కుక్కతో గుడారం దగ్గరే ఉండిపోవాలి.

కుక్కతో నడవడమే ముఖ్యమైతే వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కుకు వెళ్లండి. దాదాపు 500 మైళ్ల బాటల్లో కుక్కలకు నిషేధం ఉన్నవి 20 మైళ్లలోపే. మేన్ రాష్ట్రంలోని అకేడియా నేషనల్ పార్కులో 100 మైళ్ల కాలిబాటలు, వాటికి తోడు 45 మైళ్ల పాత బండిబాటలు కుక్కలకు తెరిచి ఉంటాయి. మా దృష్టిలో పెద్ద కుక్కకు అన్నిటికన్నా హాయైనవి నేషనల్ ఫారెస్టులే. చాలా బాటల మీదికి రానిస్తారు, పక్క గుడారం కూడా దూరంగా ఉంటుంది.

ప్రశ్న: మాది పిట్‌బుల్, లాబ్రడార్ కలిసిన కుక్క. ఫారంలో 'లాబ్ మిక్స్' అని రాసేస్తే సరిపోదా? (ఫీనిక్స్)

జవాబు: తెలిసి తెలిసి అలా రాయొద్దు. చేరేటప్పుడు రేబిస్ సర్టిఫికెట్ అడుగుతారు, అందులో జాతి గడి ఉంటుంది. రెండూ కలవకపోతే డబ్బు వాపసు లేకుండా పంపించేసే హక్కు చాలా ఒప్పందాల్లో రాసే ఉంటుంది. పొరపాటున కుక్క ఎవరినైనా కరిస్తే ఇంకా పెద్ద చిక్కు. మీరు రాసిన అబద్ధం కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. ఇంటి బీమాలోని లయబిలిటీ భాగం మామూలుగా ఇంటి బయట జరిగిన కాటుకూ వర్తిస్తుంది. అయితే అందులోనూ మీ కుక్క జాతిని మినహాయించారేమో ఒకసారి తీసి చదవండి.

నిజంగానే జాతి తెలియకపోతే సంగతి వేరు. షెల్టర్‌లో చాలాసార్లు కుక్క వాలకం చూసి జాతి రాస్తారు, అది తరచూ తప్పుతుంది. డీఎన్‌ఏ పరీక్షలో వేరే జాతులు వస్తే, ఆ ఫలితం వెటర్నరీ డాక్టర్‌కు చూపించి, తర్వాతి టీకా సర్టిఫికెట్ రాసేలోగా రికార్డు దిద్దించండి. 'పిట్‌బుల్‌లా కనిపించే కుక్కలు' అని నియమం రాసుకున్న చోట మాత్రం డీఎన్‌ఏ కాగితం పనిచేయదు. అక్కడికి ముందే ఫోటో పంపి అడగడం ఒక్కటే దారి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డబ్బు కడితే ఎమోషనల్ సపోర్ట్ సర్టిఫికెట్, అంటే మనసుకు ఊరటగా ఈ కుక్క అవసరమనే కాగితం వస్తుందట. దాంతో జాతి నిషేధం దాటొచ్చా? (న్యూజెర్సీ)

జవాబు: దాటలేరు. వికలాంగుల హక్కుల చట్టం, అంటే ఏడీఏ కింద సర్వీస్ డాగ్‌కు మాత్రమే ఆ రక్షణ ఉంది. వైకల్యానికి సంబంధించిన ఒక నిర్దిష్టమైన పని చేసేలా శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్. అటువంటి కుక్కను జాతి పేరు చెప్పి ఆపడానికి వీల్లేదు. సిబ్బంది రెండే ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పని చేసేలా శిక్షణ ఇచ్చారు. ఆ చట్టానికి సర్టిఫికెట్లతో పనిలేదు, కాబట్టి ఆన్‌లైన్‌లో కొన్నదానికి విలువ లేదు. సర్వీస్ డాగ్ కాని కుక్కను అలా చెప్పుకోవడం చాలా రాష్ట్రాల్లో శిక్షార్హం. నిజంగా ఆ సాయం అవసరమైనవాళ్లను ప్రతి గేటు దగ్గరా అనుమానంగా చూసే పరిస్థితి తెచ్చేది ఇలాంటి కాగితాలే.

ప్రశ్న: 45 కిలోల జర్మన్ షెపర్డ్‌ను స్థలంలో ఎలా కట్టాలి? నేలలో తిప్పి దిగేసే స్క్రూ గుంజ కొన్నాం. మొదటిసారే ఉడుతను చూసి పీక్కుపోయింది. (సియాటిల్)

జవాబు: తప్పు గుంజది మాత్రమే కాదు, తాడు పొడవుదీ ఉంది. 15 అడుగుల తాడుంటే ఆ బరువున్న కుక్క పూర్తి వేగం అందుకుని, తాడు చివర ఒక్క కుదుపుతో ఆగుతుంది. ఆ కుదుపుకు ఇసుక నేలలో గానీ, వాన పడి మెత్తబడ్డ నేలలో గానీ ఏ స్క్రూ గుంజా నిలవదు. గుంజ నిలిస్తే కుక్క మెడ దెబ్బతింటుంది. ఆరడుగుల తాడుతో పరుగు అందుకునే చోటే ఉండదు. ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్‌లలో నియమం కూడా అదే.

కట్టడానికి గట్టి ఆధారం కావాలి. చెట్టుకు కట్టనిస్తారో లేదో ముందు కనుక్కోండి. కట్టనిస్తే అంగుళం కన్నా వెడల్పున్న నైలాన్ పట్టీ చుట్టండి. సన్నని తాడు, ఇనుప తీగ బెరడును కోసేస్తాయి. చెట్టుకు వద్దంటే కారు వెనక హిచ్‌కు (ట్రైలర్ తగిలించే కొక్కేనికి), అందులో సేఫ్టీ గొలుసులు తగిలించే రంధ్రానికి కట్టొచ్చు. అలా కట్టినప్పుడు కారు తాళాలు తాడు కొక్కేనికే తగిలించండి. కుక్కను విప్పకుండా బండి కదిలే ప్రమాదం ఉండదు. గుడారం కర్రకు, మడత కుర్చీకి, కదిలే భోజనం బల్లకు ఎప్పుడూ కట్టొద్దు. బల్ల ఈడ్చుకుంటూ వెంటపడితే కుక్క బెదిరి ఇంకా వేగంగా పరిగెడుతుంది.

తాడును మెడపట్టీకి కాకుండా వీపు మీద రింగు ఉన్న హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) తగిలించండి. తాళం చెవులకు వాడే కొక్కేలు ఈ బరువుకు విచ్చుకుపోతాయి, మామూలు స్నాప్ హుక్ కూడా మెలిక పడితే తెరుచుకుంటుంది. స్క్రూ బిగించే లాకింగ్ కారబీనర్ (కొండలెక్కేవాళ్లు వాడే లోహపు కొక్కెం) వాడండి. తాడు కొరికే అలవాటుంటే ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ తీసుకోండి. మంట గుండం తాడుకు అందనంత దూరంలో ఉండాలి.

షెపర్డ్‌లకు ఇంకో ఇబ్బంది ఉంది. దారిన పోయే ప్రతి మనిషీ కనిపిస్తుంటే కట్టేసిన కుక్క మొరుగుతుంది, మొరగగా మొరగగా రెచ్చిపోతుంది. కాబట్టి మరుగుదొడ్లు, చెత్తడబ్బాలు, పిల్లల ఆటస్థలం దగ్గరి స్థలం వద్దు. వరస చివరిది ఎంచుకుని, కారును దారికి అడ్డంగా ఆపండి, ఖాళీ మిగిలితే టార్పాలిన్ కట్టండి. నేషనల్ పార్కుల్లో సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళలు. జాతి మీద ఫిర్యాదు రాకపోయినా మొరుగుడు మీద తప్పక వస్తుంది.

ప్రశ్న: గ్రేట్ డేన్‌కు ఎంత గుడారం కావాలి? (అట్లాంటా)

జవాబు: కాళ్లు చాపి పడుకున్న గ్రేట్ డేన్‌ను ఒక పూర్తి మనిషి కింద లెక్కేయండి. ఇద్దరు మనుషులు, ఒక కుక్క ఉంటే 'నలుగురికి' అని రాసిన గుడారం, అంటే సుమారు 8 అడుగులకు 7 అడుగులది తీసుకోండి. 'ముగ్గురికి' అన్నదాంట్లో ఎవరో ఒకరు గోడకు ఆనుకుని మంచుకు తడుస్తారు. వారం ముందే గోళ్లు కత్తిరించండి. అప్పటికప్పుడు కత్తిరిస్తే అంచులు పదునుగా ఉండి గుడారం అడుగును చీరేస్తాయి. కింద మందపాటి ఫోమ్ చాప వేయండి. బరువైన కుక్క చల్లటి నేలమీద పడుకుంటే ఒంటి వేడి దిగిపోతుంది, మోచేతులూ ఒరుసుకుపోతాయి. దోమతెర తలుపు కుక్కను ఆపలేదు, ముక్కుతో నెట్టి చీల్చుకుని వెళ్లిపోతుంది. లోపలున్నా తాడు విప్పొద్దు, కొస మీ దగ్గరే ఉంచుకోండి.

ఎలుగుబంట్లు తిరిగే చోట కుక్క తిండి బస్తా, బిస్కెట్లు, ఖాళీ గిన్నె కూడా ఇనుప పెట్టెలో పెట్టాల్సిందే. యోసెమిటీలో ఆ పెట్టె ఎక్కువగా 45 అంగుళాల వెడల్పు, 33 లోతు, 18 ఎత్తు. మీ తిండితో కలిపి పెద్ద బస్తా పట్టదు. రోజుకో సంచి చొప్పున విడదీసి తెచ్చుకోండి.

ప్రశ్న: ఆర్‌వీలో (ఇల్లులాంటి క్యాంపింగ్ బండిలో) ఏసీ వేసి కుక్కను ఉంచి రెండు గంటలు బయటికెళ్లొచ్చా? (హ్యూస్టన్)

జవాబు: వెళ్లకపోవడమే మంచిది. వేసవిలో క్యాంప్‌గ్రౌండ్ అంతా ఒకేసారి ఏసీలు వేస్తే వోల్టేజీ పడిపోయి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. మీరు తిరిగొచ్చేదాకా ఎవరికీ తెలియదు. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్ మాత్రమే ఉన్నా మూసిన కారులో అరగంటకు 104 దాకా ఎక్కుతుంది. తప్పనిసరైతే సెల్ నెట్‌వర్క్ మీద నడిచే ఉష్ణోగ్రత అలారం పెట్టి, పది నిమిషాల్లో తిరిగి రాగల దూరంలోనే ఉండండి. ఆ స్థలం నియమం ఒప్పుకుంటేనే సుమా.

నీళ్లు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు లెక్క. 40 కిలోల కుక్కకు రెండు, రెండున్నర లీటర్లు. ఎండలో నడిస్తే దానికి రెట్టింపు మోసుకెళ్లండి. వగర్పు ఆగకపోవడం, చొంగ జిగటగా కారడం, చిగుళ్లు ఎర్రబడడం, కాళ్లు తడబడడం వడదెబ్బ గుర్తులు. వెంటనే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగిలేలా విసరండి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే చిక్కుకుంటుంది.

ప్రశ్న: నయాగరా కెనడా వైపున గుడారం వేద్దామనుకుంటున్నాం. మాది పిట్‌బుల్. (బఫెలో)

జవాబు: తీసుకెళ్లకండి. ఆంటారియో రాష్ట్రంలో 2005 ఆగస్టు నుంచి పిట్‌బుల్ నిషేధం అమల్లో ఉంది. ఆ పోలికలున్న కుక్కలూ దాని కిందికే వస్తాయి. విహారానికి వచ్చామంటే మినహాయింపు దొరకదు, కుక్కను స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది. ఈసారికి న్యూయార్క్ వైపే ఉండండి. వేరే జాతి కుక్కతో సరిహద్దు దాటేవాళ్లకు: వెళ్లేటప్పుడు వెటర్నరీ డాక్టర్ సంతకమున్న రేబిస్ సర్టిఫికెట్ కావాలి, మెడలోని బిళ్ల చాలదు. తిరిగొచ్చేటప్పుడు 2024 ఆగస్టు 1 నుంచి వచ్చిన సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) నియమం ప్రకారం కుక్కకు ఆరు నెలల వయసు నిండి ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ డాగ్ ఇంపోర్ట్ ఫారం రసీదు చూపాలి. ఫారం ఆన్‌లైన్‌లో ఉచితం.

ప్రశ్న: స్కంక్ (కంపు ద్రవం చిమ్మే చిన్న అడవి జంతువు) కుక్క మీద చల్లితే ఆ కంపు వదిలేదెలా? టమాటా రసం పోశాం, ఏం లాభం లేకపోయింది. (మిన్నియాపొలిస్)

జవాబు: టమాటా వాసనకు మన ముక్కు మొద్దుబారుతుందంతే, కంపు అక్కడే ఉంటుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక క్వార్టు (సుమారు లీటరు), బేకింగ్ సోడా పావు కప్పు, గిన్నెలు తోమే ద్రవం ఒక టీ చెంచా బకెట్లో కలపండి. కంపుకు కారణమైన గంధక పదార్థాలను పెరాక్సైడ్ వాసన లేనివిగా మార్చేస్తుంది. ముందు ఒళ్లు తడపకుండా పొడి బొచ్చుకే పట్టించి, కళ్లలో పడకుండా చూస్తూ ఐదు నిమిషాలుంచి కడిగేయండి. షెపర్డ్ పరిమాణం కుక్కకు రెండింతలు కలపాలి. నల్ల బొచ్చు కాస్త రంగు వెలిసే అవకాశం ఉంది. కలిపిన వెంటనే వాడేయండి, మిగిలింది పారబోయండి. సీసాలో పోసి మూత బిగిస్తే లోపల వాయువు పెరిగి సీసా పేలుతుంది. అందుకే విడివిడిగా తీసుకెళ్లి, అవసరమైనప్పుడే కలుపుకోండి.