మా దొడ్లో గంగాళం మీద వేరేవాళ్ళ పేరు

మీ ముత్తాత కాగితాల్లో "ఫసలీ 1341, జప్తు, వేలం ఖరారు" అని ఉందన్నారు, అంటే పొలం, గొడ్డూగోదా, సామాను అన్నీ తెల్లదొరలు వచ్చి లాక్కుపోయారా, అసలు ఆ వేలం ఎలా జరిగేది అని అడిగారు. నేను లాయర్ని కాదు, మాది పాత బాపట్ల తాలూకాలో ఒక ఊరు, మా ఇంటి పాత కాగితాలు నేనే కూర్చుని చదివి సర్దుకున్నాను, కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

ముందు ఆ ఫసలీ సంగతి, అంటే శిస్తు లెక్కలకి వాడే సంవత్సరం. మన వైపు ఫసలీకి 590 కలపండి, 1931 వస్తుంది. జూలైతో మొదలవుతుంది కాబట్టి 1931 జూలై నుంచి 1932 జూన్ లోపు అన్నమాట. ధాన్యం ధర పడిపోయిన రోజులవి, శిస్తు మాత్రం పడలేదు, వడ్డీ అసలే పడలేదు.

రెండోది, మీ కాగితం ఏ రకమో చూసుకోండి. శిస్తు బకాయికి వేసే వేలం వేరు, షావుకారు కోర్టుకెళ్ళి డిక్రీ, అంటే బాకీ కట్టాలన్న తీర్పు, తెచ్చి వేయించే వేలం వేరు. మొదటిది 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం కింద తాసిల్దారు కచేరీ నడిపేది, దాంట్లో కరణం, మునసబు, బిళ్ళ బంట్రోతు కనిపిస్తారు. రెండోది 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ కింద నడిచేది, దాంట్లో అమీనా, అంటే జప్తుకి వచ్చే కోర్టు ఉద్యోగి, కనిపిస్తాడు. "అమీనా వచ్చాడు" అంటే పాతతరం వాళ్ళకి ఇప్పటికీ గుండె జారుతుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పే కథల్లో దొర ఒక్కసారి కూడా రాడు, వచ్చేవాళ్ళంతా తెలుగువాళ్ళే, చాలాసార్లు తెలిసినవాళ్ళే.

పద్ధతి పైకి చాలా మర్యాదగా ఉంటుంది. శిస్తు బకాయికి భూమి అమ్మాలంటే నెల ముందు నోటీసు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి కలెక్టరు ఆఫీసులో, తాలూకా కచేరీలో, దగ్గర పోలీస్ స్టేషన్లో, ఆ పొలంలోనే నలుగురికీ కనబడేచోట అంటించాలి. పొద్దు పొడవకముందూ పొద్దుగూకాకా జప్తుకి రాకూడదు. అందుకే బంట్రోతు వస్తున్నాడని తెలిస్తే రాత్రికి రాత్రి గేదెల్ని పక్క ఊరు బంధువుల ఇంటికి తోలేసేవాళ్ళట. దొరికిన పశువుల్ని తీసుకెళ్ళి కట్టేస్తే వాటి మేత ఖర్చు కూడా బకాయిదారు నెత్తినే. కోర్టు డిక్రీ అయితే రైతు వ్యవసాయ పనిముట్లు, బతుకుదెరువుకి అవసరమైన ఎద్దులు, విత్తనాలు, వంట పాత్రలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు ఒంటి మీంచి తీయకూడని నగ ముట్టుకోకూడదని చట్టంలోనే ఉంది. వినడానికి బాగానే ఉంది కదా. కానీ ఎన్ని ఎద్దులు "అవసరం" అన్నది తేల్చేది రైతు కాదు.

కోర్టు వేలంలో పొలానికైతే పాట దక్కించుకున్నవాడు అక్కడికక్కడే నాలుగో వంతు కట్టాలి, మిగతాది పదిహేను రోజుల్లో. పోగొట్టుకున్నవాడు అప్పట్లో ముప్పై రోజుల్లోపు బాకీతో పాటు పాట సొమ్ము మీద నూటికి ఐదు కడితే వేలం రద్దు చేయించుకోగలిగేవాడు. ఆ డబ్బే ఉంటే వేలం దాకా ఎందుకొస్తుందండీ! డిక్రీ ఉన్న షావుకారు కోర్టు అనుమతి లేకుండా తనే పాడకూడదు, సరే, వాళ్ళ బావమరిది పాడేవాడు.

టముకు వేసి, "సర్కారువారి పాట" అని మొదలుపెట్టి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఎవరో ఒకరు గొంతెత్తాలి. ఎవరూ పాడకపోతే శిస్తు కేసుల్లో సర్కారే నామమాత్రపు రేటుకి భూమి తన పేర రాసుకునేది, గొడ్డుకీ సామానుకీ ఆ సౌకర్యం తక్కువ. ఇది బాగా అర్థమయ్యేది 1922 మొదట్లో మా పక్కనే జరిగిన పెదనందిపాడు పన్నుల నిరాకరణలో. ఉద్యమం నడిపిన పర్వతనేని వీరయ్య చౌదరి గారు శాంతిసేన అని వాలంటీర్ల దళం పెట్టారు, కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు, సర్కారు పోలీసుల్ని దించి జప్తులు మొదలుపెట్టింది, తీరా వేలానికి పెడితే ఊళ్ళో పాడే మనిషి లేడు. చౌరీచౌరా తర్వాత ఫిబ్రవరిలో గాంధీగారు ఉద్యమం ఆపేశాక అది అక్కడితో ముగిసింది, శిస్తులు కట్టారు. మా ఊళ్ళో పెద్దాయన ఒకరు ఆ రోజుల గురించి తెగ గొప్పగా చెప్పేవాడు. పదేళ్ళ తర్వాత అవే ఊళ్ళలో అమీనా వస్తే పాడేవాళ్ళు వరుసలో నిలబడ్డారన్నది మాత్రం చెప్పేవాడు కాదు.

నాకెలా తెలుసంటే మేం పాడినవాళ్ళం కాబట్టి.

మా దొడ్లో ఒక పెద్ద ఇత్తడి గంగాళం ఉంది, అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరుంది, మా ఇంటి పేరు కాదు. చిన్నప్పుడు ఏదో పెళ్ళికి వచ్చిన కానుక అనుకునేవాణ్ణి. నాయనమ్మ కాపురానికి వచ్చేసరికే అది దొడ్లో ఉందట, వాళ్ళ అత్తగారు చెప్పిందట: నాలుగిళ్ళ అవతలి రైతు కోర్టు బాకీకి సామాను బయట పెట్టించారు, వంట గిన్నెలు వదిలేశారు గానీ ఇంత గంగాళం "అవసరమైన పాత్ర" కాదని అమీనా తీసేశాడు. మా ముత్తాత పాడాడు. "ఆ ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉందట్రా, ఈయన తలెత్తకుండా పాడి, తలెత్తకుండా మోయించుకొచ్చాడట" అనేది నాయనమ్మ. మా ఇంట్లో దాన్ని శుభకార్యాలకి ఎప్పుడూ వాడలేదు, కుడితికే వాడారు. అంత పట్టింపు ఉన్నవాళ్ళు అసలెందుకు పాడారని అడిగితే, "మనం పాడకపోతే ఆ షావుకారి మనిషి అర్ధరూపాయికి పట్టుకుపోయేవాడు" అంది. అది నిజమో సర్దిచెప్పుకోవడమో నాకిప్పటికీ తెలియదు. రెండూ అయ్యుండచ్చు.

1938లో రాజాజీ మంత్రివర్గం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది, 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ కొట్టేశారు. ఆ రైతు పొలం అప్పటికే పోయింది.

మీ విషయానికొస్తే, పొలం సర్వే నంబరు దొరికితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఏళ్ళకి ఈసీ (ఆ భూమి మీద నమోదైన లావాదేవీల జాబితా) అడగండి, కోర్టు వేలమైతే సేల్ సర్టిఫికెట్ నమోదై ఉండే అవకాశం ఉంది. అక్కడ పాత పుస్తకాలు చెదలు పట్టాయని మొదటిరోజు పంపించేస్తారు, నన్నూ పంపించారు, మూడోసారి వెళ్తే దొరికింది. కొన్నవాళ్ళ పేరు చూసేముందు కాస్త గుండె దిటవు చేసుకోండి, మీ ఊరి పేర్లే ఉంటాయి, మీ చుట్టాలూ ఉండచ్చు.

ఆ గంగాళం తాలూకు మనవడు రెండేళ్ళ కిందట తిరునాళ్ళకి ఊరొచ్చాడు. చూపించాను. పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు, ఫోటో తీసుకున్నాడు. తీసుకెళ్ళండి అన్నాను. కార్లో పట్టదులెండి, అన్నాడు. ఇంకా దొడ్లోనే ఉంది.

మీ కాగితంలో సామాను జాబితా కూడా ఉంటే ఫోటో పెట్టండి, ఆ గొలుసుకట్టు రాత చదవడానికి సాయం చేస్తాను.